రాగి దారం

మా ఆయన బాలకిషన్ రేడియో అంటే చెవి కోసుకునేవాడు. కోసుకోనీ, నాదేం పోయింది? కానీ 1982 ఎండాకాలంలో నేతగాళ్ల సొసైటీ నుంచి నూలు రాక మా మగ్గం గుంటలో పిల్లి పడుకుంటుంటే, ఈయన సాయంత్రం నాలుగు కాగానే సైకిలెక్కి వరంగల్ స్టేషన్ రోడ్డులోని సాంబమూర్తి పార్ట్స్ షాపుకు పరుగెత్తేవాడు. అక్కడ ఆయనకు కూలీ లేదు, కొలువు లేదు. పాత రేడియోల పొట్టలు విప్పి చూసే పదిమంది మొగవాళ్ల మధ్య పదకొండోవాడిగా నిలబడటమే పని.

ఆ ఉగాదికి మా బావ ఎల్లస్వామి బొంబాయి పక్కనున్న భీవండి నుంచి ఉత్తరం రాశాడు. అక్కడి పవర్‌లూములో తమ్ముడికి పని చూశానని, మృగశిర కార్తెకు తానే వచ్చి అందరినీ తీసుకుపోతానని, ఈలోగా మగ్గాన్ని ఎవరికైనా అమ్మేయమని దాని సారాంశం. మా ఇంట్లో మాట అంటే మా అత్త రాజవ్వ మాటే. ఆమె ఉత్తరం చదివించుకుని, మడిచి బొడ్లో దోపుకుని, "పోవుడే" అంది. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి తలూపాడు. నన్ను ఎవరూ అడగలేదు.

నేను భీవండి చూసినదాన్నే. బావ కూతురు పుట్టినప్పుడు వెళ్లి పదిహేను రోజులున్నాను. ఒకే గదిలో మూడు కుటుంబాలు. పగటి షిఫ్టువాళ్లు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టువాళ్లు వచ్చి పడుకునేవారు. అదైనా ఓర్చుకోవచ్చు. నేను ఓర్చుకోలేనిది వేరే ఉంది. అక్కడ నూలు కండెలు కూడా మిషనే చుడుతుంది. పదిహేను రోజులు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అవి నా చేతులేనా అనిపించింది. మా అమ్మగారింట్లో నూరో నంబరు నూలుతో చీరలు నేసేవారు. ఆ నూలు కంటికి ఆనదు, వేలికే తెలుస్తుంది. ఏడేళ్లప్పుడు రాట్నం ముందు కూర్చున్నదాన్ని, అత్తవారింటికొచ్చి తువ్వాళ్ల నూలు చుట్టడమే నామోషీగా ఉండేది. అలాంటిది ఏ పనీ లేకుండా కూర్చోమంటే నా వల్ల కాదు.

కాబట్టి నా కోపమంతా ఆ షాపు మీద పడింది. మనిషి ఆ సాయంత్రాలేవో నాలుగు గడపలు తొక్కి నూలు సంపాదిస్తే మాకీ వలస ఎందుకు? చైత్రం పోయి వైశాఖం వచ్చింది. ఒక ఆదివారం కొంగు బిగించి, మా కొత్తవాడ నుంచి ఎండలో నడుచుకుంటూ బయల్దేరాను. దారి పొడుగునా తిట్లు ఏరి కూర్చుకున్నాను.

ఇప్పుడు ఆ చోట సెల్‌ఫోన్లకు తొడిగే కవర్లు అమ్ముతున్నారు. అప్పుడది రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగిలేంత షాపు. గోడల నిండా అగ్గిపెట్టెలంత సొరుగులు, వాటి మీద బిస్కెట్ డబ్బాలు, డబ్బాల్లో రంగు చారల రెసిస్టర్లు, మూడు కాళ్ల ట్రాన్సిస్టర్లు. పైన తీగకు వరసగా వేలాడదీసిన స్పీకర్లు. కరిగిన సీసం వాసన, పొగ. ఆదివారం ప్రార్థన ముగియగానే కాజీపేట రైల్వే క్వార్టర్ల నుంచి తెల్లబట్టలతోనే వచ్చేవాళ్లు కొందరు, కాలేజీ పిల్లలు కొందరు, ఒక టైలరు, ఒక దవాఖాన కాంపౌండరు. ఎవడి సెట్టు మొదటిసారి పాడితే ఆ రోజు అందరికీ వాడే చాయ్ తాగించాలని అక్కడొక కట్టుబాటు ఉండేది.

నేను గడప మీద కాలు పెట్టిన క్షణంలోనే కాంపౌండరు సెట్టు గరగరమంది. ఆ గరగరలోంచి ఎవరో ఆడమనిషి గొంతు తేటగా పైకొచ్చింది. మీసాలున్న మొగవాళ్లంతా పసిపిల్లల్లా చప్పట్లు కొట్టారు. మా ఆయన కూడా. పెళ్లయిన ఆరేళ్లలో ఆయన పళ్లన్నీ కనబడేలా నవ్వడం నేను చూడలేదు. నిజం చెప్పొద్దూ, నా ఒళ్లు కూడా జల్లుమంది. ఏరి తెచ్చుకున్న తిట్లు ఎటు పోయాయో తెలియలేదు.

బెంచీ చివర ఇస్సాకు కూర్చుని ఉన్నాడు. రైల్వే సిగ్నళ్ల డిపార్టుమెంటు మనిషి, ఆ షాపులో అందరికంటే పనిమంతుడు. చిటికెన వేలంత గొట్టం మీద వెంట్రుకలాంటి రాగి తీగ చుడుతూ చెమటలు కక్కుతున్నాడు. దాన్ని కాయిల్ అంటారట. ఆరువందల చుట్లు పక్కపక్కనే పడాలట, అది సరిగా లేకుంటే రేడియో మూగదట. ఆయనకు రెండువందల దగ్గరే చుట్ల మీద చుట్లెక్కి గొట్టం పిచ్చుక గూడులా తయారైంది. తిట్టడానికి వెళ్లిన నోరు కదా, ఊరుకోలేదు. మా పక్కింటి చిన్నపిల్ల చుట్టిన కండె ఇంతకంటే నయం అన్నాను.

షాపు యజమాని సాంబమూర్తి కళ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు. "అయితె నువ్వే సుట్టు చెల్లె. మాటలకేం, మా షాపుల మస్తున్నయి."

మా ఆయన తల దించుకున్నాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను. తీగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోగానే నాకు తెలిసిపోయింది, ఇది దారమే. రాగి దారం. నూరో నంబరు నూలు ఎంత లాగితే ఊరుకుంటుందో ఇదీ అంతకే ఊరుకుంటుంది. లెక్కకు మేము చింతపిక్కలు పెట్టుకుంటాం, అక్కడ అవి లేక యాభై చుట్లకో రెసిస్టరు పక్కన పెట్టమన్నాను. పన్నెండు రెసిస్టర్లయ్యేసరికి అందరూ బెంచీ చుట్టూ మూగారు. ఇస్సాకు దాన్ని సెట్టుకు తగిలించాడు. పాట వచ్చింది. ఆయన కాయిల్‌ను వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూసి, మిషన్ చుట్టిందంటే ఎవరైనా నమ్ముతారన్నాడు. పాడించినదాన్ని నేనే కాబట్టి చాయ్ నా వంతేనని అందరూ పట్టుబట్టారు. మా ఆయన తాగించాడు. తిరిగి పోయేటప్పుడు సైకిలు మీద వెనక కూర్చుని ఇంటిదాకా మాట్లాడుతూనే ఉన్నాను.

సాంబమూర్తికి అప్పుడు పెద్ద అవసరం ఉంది. ఒక కాలేజీ సారు, తన విద్యార్థులు విప్పి బిగించి నేర్చుకోవడానికి నలభై రేడియో కిట్లు అడిగాడు. బొంబాయి నుంచి కాయిళ్లు రావడం లేదు. మృగశిర నాటికి నలభై ఇస్తే, నచ్చితే వానాకాలంలో రెండువందలు. ఆ తర్వాత ఏడాది పొడుగునా పని ఉంటుందని సాంబమూర్తి అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను అత్త ముందు నిలబడ్డాను.

ఆమె తీగ చుట్టను చేతిలోకి తీసుకుని, గోటితో మీటి, తిరిగి ఇచ్చేసింది. "రాగి దారమే తెచ్చినవా? బంగారు దారం దొరకలేదా?" అంది. తర్వాత వక్క నోట్లో వేసుకుని నమిలింది. చివరికి తన మాట చెప్పింది. "ఆ సారు నలభై తీసుకొని, ఇంకో రెండొందలు సుట్టుమని నోటితోని అన్నడనుకో, ఉందాం. అనకపోతె నా పెద్దకొడుకెంబడి బండెక్కుడే. మళ్ల నా ముంగట ఏడ్వద్దు."

అంతే చాలనుకున్నాను. ఆ రెండు వారాలు నేను నేల మీద నడిచానో లేదో గుర్తులేదు. తెల్లవారగానే రాట్నం ముందు కూర్చునేదాన్ని. కదురుకు కాయిల్ గొట్టం తొడిగి, కుడిచేత్తో చక్రం, ఎడమచేత్తో తీగ. పక్కన చింతపిక్కలు. మా ఆయన గుంటలో కూర్చుని, ఉన్న కాస్త నూలుతో నేస్తూ, మధ్యమధ్య లేచి వచ్చి చూసి పోయేవాడు. సాయంత్రం పూట ఎన్నయితే అన్ని డబ్బాలో పెట్టుకుని షాపుకు తీసుకుపోయేవాడు. మొదటి పదీ ఇస్సాకు పరీక్ష చేశాడు, పదీ పాడాయి. ఆ తర్వాత ఇంక చూడనక్కర్లేదని పక్కన పెట్టేయసాగారు. తీగ రెండు కొసలూ సాంబమూర్తే చూసుకుంటానన్నాడు. నా పని చుట్టడం వరకే.

రెండో తీగ చుట్ట పాత సరుకు. పెళుసుగా ఉండి చుట్టుతుంటే తెగేది. నేను దిగులు పడలేదు. దారం తెగడం మాకు వింతా? తెగినచోట ముడివేసి ముందుకు పోయాను. మా అమ్మ నేర్పిన ముడి అది. వేసిన చోట వేలు పెట్టి రాసినా తగలదు. నలభయ్యో కాయిల్ చుట్టిన రోజు నేనే లేచి పాయసం వండాను. మా అత్త ఒక గిన్నె తాగి, ఇల్లలకగానే పండగ కాదంది. గిట్టక అంటోందనుకున్నాను.

శనివారం పొద్దున ఎల్లస్వామి బావ దిగాడు. సోమవారం సాయంత్రం ఆరింటి సికింద్రాబాదు బండి, అక్కడినుంచి బొంబాయి బండి, అన్నీ చూసుకుని వచ్చాడు. నాకు ఆయన మీద జాలేసింది. అనవసరంగా ఇన్ని టికెట్లు తీశాడే అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే కాలేజీ సారు షాపుకు వస్తే మేమూ వెళ్లాం. సన్నగా పొడుగ్గా ఉన్నాడు, నవ్వడు. ఇస్సాకు ఒక్కొక్క కాయిలూ సెట్టుకు తగిలించడం, సెట్టు పాడటం, సారు పుస్తకంలో టిక్కు పెట్టడం. పన్నెండు దాకా నేను ఎగురుతూనే ఉన్నాను. పదమూడోది పలకలేదు. పద్నాలుగు పాడింది, పదహారు పలకలేదు. అన్నీ అయ్యేసరికి పదకొండు మూగవి మిగిలాయి.

సారు పుస్తకం మూశాడు. సోమవారం నాలుగింటికి మళ్లీ వస్తానని, అప్పటికీ ఇంతే అయితే హైదరాబాదు నుంచి తెప్పించుకుంటానని, మర్యాదగానే చెప్పి వెళ్లిపోయాడు. ఇస్సాకు తీగలో కరెంటు పోతుందో లేదో చెప్పే మీటరు పెట్టి పదకొండూ చూశాడు. ముల్లు కదల్లేదు. ఇవన్నీ లోపలెక్కడో తెగి ఉన్నాయన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "తెగినదాన్ని తెగినట్టు ఇడిసిపెట్టే అలవాటు మా ఇంటావంటా లేదు. తెగిన కాడల్ల ముడేసిన."

ఇస్సాకు మీటరు కింద పెట్టాడు. చాలా నెమ్మదిగా అడిగాడు. "ముడేసే ముందుగాల తీగ మీది పొర గీకినవా అక్కా?"

"ఏం పొర?"

ఆయన బ్లేడు తీసి తీగ కొస మీద రెండుసార్లు గీకాడు. గోధుమరంగు పొట్టు రాలింది. కింద నుంచి అసలు రాగి తళతళమంటూ బయటపడింది. ఆ పొర లక్కలాంటి పూత అట. కరెంటు ఆ పూత దాటి పోదట. పూత మీద పూత పెట్టి నేను ఎంత గట్టిగా ముడేసినా లోపల దారి లేనట్టే. గీకి, కలిపి, సీసంతో అతకాలి. ఆ షాపుకు వచ్చే బడిపిల్లాడికి కూడా తెలిసిన సంగతి. సాంబమూర్తి నుదురు కొట్టుకున్నాడు. కొసలు ఎప్పుడూ తనే గీకాడు గనుక నాకు చెప్పాలన్న సంగతే తోచలేదట. ఆయన తనను తాను తిట్టుకుంటున్నా నాకు తలకాయ తీసి మొలేసినట్టయింది. నేను గొప్పగా వేసిన ముళ్లే మమ్మల్ని భీవండి బండెక్కిస్తున్నాయి.

కొత్తగా చుడదామంటే తీగ లేదు, హైదరాబాదు నుంచి రావడానికి నాలుగు రోజులు. ఉన్న పదకొండే విప్పి, ముడి పట్టుకుని, గీకి, అతికి, మళ్లీ చుట్టాలి. ఒక బ్లేడూ, సోల్డరింగ్ కడ్డీ, కాస్త సీసం తీసుకుని ఇంటికి పోయేసరికి బావ వాకిట్లో మూటలు కడుతున్నాడు. రాట్నం కూడా విప్పి గోనెసంచిలో పెడుతున్నాడు.

"అన్నా, రాట్నం ముట్టకు" అన్నాడు మా ఆయన.

గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ ఇంట్లో ఆయన అన్నకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. బావ చేతులు దులుపుకుని పక్కకు జరిగాడు. మా అత్త మంచం మీద నుంచి చిన్న కొడుకును తేరిపార చూసింది.

ఆదివారమంతా విప్పాను. కాయిల్ మీది తీగ ఖాళీ కండెకు ఎక్కిస్తూ, వేళ్ల మధ్యనుంచి పోనిస్తూ, నా ముడిని నేనే వెతుక్కున్నాను. ఇంత నున్నగా ఎందుకు వేశానురా దేవుడా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ముడి దొరికితే ఆపి బ్లేడుతో గీకేదాన్ని, మా ఆయన అతికేవాడు, మళ్లీ చుట్టేదాన్ని. ఒకసారి తీగ చిక్కుపడితే మంచం మీదనుంచి అత్త గొంతు వినబడింది. "గుంజకు. ఒదులు." వదిలితే చిక్కు దానంతటదే విడింది. సోమవారం పదకొండోది ముగించేసరికి మూడున్నర. మీటరు షాపులో ఉంది, అవి పలుకుతాయో లేదో ఇంటి దగ్గర తెలుసుకునే దారి లేదు. డబ్బా పట్టుకుని సైకిలెక్కాం. స్టేషనుకు ఎలాగూ ఆ రోడ్డు మీదినుంచే పోవాలి గనుక బావ మూటల్నీ అత్తనూ రిక్షాలో ఎక్కించుకుని వెనకాలే వచ్చాడు.

సారు అప్పటికే వచ్చి ఉన్నాడు. ఇస్సాకు డ్యూటీ బట్టల మీదే వచ్చాడు. సాంబమూర్తి తీగ పాత సరుకని ఏదో మొదలుపెట్టబోతే, ఆడలేక మద్దెల ఓడనడం నాకిష్టం లేక, తప్పు నాదేనని, పొర గీకకుండా ముడివేశానని సారుకు చెప్పేశాను. ఆయన ఒక్కక్షణం నా వైపు చూసి, కానివ్వమన్నాడు. ఒకటి పాడింది. రెండు, మూడు. ప్రతి పాటకూ షాపు బయట నిలబడ్డవాళ్లు లెక్క పైకి అంటున్నారు. పది పాడాయి.

పదకొండోది పలకలేదు.

ఇస్సాకు తీసి మళ్లీ తగిలించాడు. మీటరు పెట్టాడు. ముల్లు చావలేదు, బతకలేదు, అసలు కదల్లేదు. ముప్ఫై తొమ్మిదైతే ఏమని సాంబమూర్తి బతిమాలాడు. సారు తల అడ్డంగా ఊపాడు. నలభయ్యో పిల్లవాడికి ఏం చెప్పమంటారని అడిగి, అయినా గడియారం చూసి, అరగంట కూర్చుంటానన్నాడు. బయట నుంచి బావ, బండికి టైమవుతోందని కేక వేశాడు.

నేను కాయిల్ తీసుకుని విప్పడం మొదలుపెట్టాను. ఇంకో ముడి ఉందన్నమాట, రెండుసార్లు తెగిన కాయిల్ ఇదొక్కటే, అది మరిచిపోయి మొదటి ముడి దగ్గరే విప్పడం ఆపేశాను. వంద చుట్లు పోయాయి, నూటయాభై పోయాయి, వేళ్లకు ఏమీ తెలియడం లేదు. వేళ్లు చెమటతో జారుతున్నాయి. దాటిపోయానో దాటలేదో కూడా తెలియని స్థితికి వచ్చి నాకు కళ్లు మసకబారాయి.

అప్పుడు నా చేతి పక్కనుంచి ఇంకో చెయ్యి వచ్చి తీగ పట్టుకుంది. మా అత్త రిక్షా దిగి, అంతమంది మొగవాళ్లను తోసుకుని ఎప్పుడు లోపలికి వచ్చిందో. బెంచీ మీద నా పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని, "నువ్వు తిప్పు" అంది. నేను గొట్టం తిప్పాను. తీగ ఆమె వేళ్ల మధ్యనుంచి జారుతోంది. ఇరవై చుట్లు. ముప్ఫై.

"ఆగు. గిదే."

నేను ముట్టుకున్నాను, నాకేమీ తగల్లేదు. ఇస్సాకు వెలుతురుకు పెట్టి చూస్తే ఉంది. మా ఆయన బ్లేడు అందుకుని గీకాడు, అతికాడు. మిగిలిన తీగ నేను చుట్టాను, అత్త తీగను సాగదీసి పట్టుకుంది. ఇస్సాకు తగిలించాడు. గరగరమంది. తర్వాత హైదరాబాదు రేడియో స్టేషన్ నుంచి ఎవరో ఒకాయన విత్తనాల గురించి తీరిగ్గా చెబుతున్న గొంతు షాపంతా నిండిపోయింది. విత్తనాల మాటకు అంత కేకలు వేసిన జనం ఇంకెక్కడా ఉండరు. నేను ఏడుస్తున్నానని నాకు తర్వాత తెలిసింది.

సారు నలభయ్యో టిక్కు పెట్టాడు. కలం జేబులో పెట్టుకుంటూ, వానాకాలానికి రెండువందలు కావాలని, ఈసారి పొర గీకి ముడివేయమని చెప్పి, అప్పుడు కాస్త నవ్వాడు.

బావ గడప దగ్గరకు వచ్చాడు. "అమ్మా, బండికి ఆల్శమైతాంది. దా."

అత్త బెంచీ మీద నుంచి లేవలేదు. "నువ్వు పో బిడ్డా. ఇంకో రెండొందలున్నయట, ఇన్నవు గద" అంది.

ఆయన ఒకసారి రైల్వే స్టేషను వైపు చూశాడు. తర్వాత రిక్షాలోంచి మూటలు ఒక్కొక్కటే దించి షాపు మెట్టు మీద పెట్టాడు. రాట్నం మా ఇంట్లోనే ఉంది గనుక దించాల్సినవి బట్టలూ గిన్నెలే. మా ఆయన వెళ్లి ఆఖరి మూట అందుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, ఎందుకంటే అత్త నా మోచేతిని పొడుస్తోంది. సాంబమూర్తి బల్ల మీది బ్లేడు ఆమె చేతిలో ఉంది.

"ఏడ్సుడు తర్వాత. ముందుగాల ఆ గీకుడేందో నాకు సూపియ్యి పిల్లా" అంది.